కర్ర లారీ కిరాయి: మిల్లు దాకా టన్నుకు ఎంత ఇస్తే న్యాయం?

సుబాబుల్, జామాయిల్, సరుగుడు పెంచే రైతులు మిల్లు రేటు గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. లారీ కిరాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అందరూ ఎంత ఇస్తే అంతే" అని వదిలేస్తారు. ఆ "అందరూ ఇచ్చేది" ఎలా తేలిందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. బండి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం), దారి దూరం, డీజిల్ ధర చేతిలో ఉంటే పావుగంట పని. కింద చెప్పేదంతా సారపాక, రాజమహేంద్రవరం, కడియం, కాగజ్‌నగర్ కాగితం మిల్లులకు కర్ర తోలించే రైతులను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. ప్లైవుడ్ యూనిట్లకు లావు మొద్దులు పంపేవారికీ లెక్క ఇదే.

ముందు కిరాయి ఎవరిదో తేల్చుకోండి

కర్రకు రెండు రేట్లుంటాయి. ఒకటి తోట దగ్గర రేటు, రెండోది మిల్లు గేటు దగ్గర రేటు. తోట దగ్గరే అమ్మితే కిరాయి వ్యాపారి చూసుకుంటాడు. మిల్లు రేటుకు అమ్మితే నరికే కూలి, తొక్క తీసే కూలి, లోడింగ్, కిరాయి అన్నీ మీవే. చాలామంది తోట దగ్గరే అమ్ముతున్నాం కదా, కిరాయితో మనకేం పని అనుకుంటారు. పని ఉంది. మిల్లు రేటులోంచి ఈ నాలుగు ఖర్చులూ తీసేస్తే మిగిలేది తోట దగ్గర మీ కర్ర అసలు విలువ. వ్యాపారి చెప్పే రేటు దానికి ఎంత దిగువన ఉందో అదే అతని లాభం. కిరాయిని టన్నుకు 300 పెంచి చెప్తే ఆ 300 మీ ధరలోంచే పోతుంది.

బండి నిజంగా ఎంత మోస్తుంది

టన్ను రేటు తేలాలంటే భాగించాల్సిన అంకె ఇది. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. దాని ప్రకారం బండి, సరుకు కలిపి ఆరు టైర్ల లారీ 18.5 టన్నులు, పది టైర్ల లారీ 28.5 టన్నులు, పన్నెండు టైర్ల లారీ 36 టన్నుల దాకా ఉండొచ్చు. అయినా మీరు చూడాల్సింది ఆర్‌సీలో రాసిన అంకె. పాత బండ్ల ఆర్‌సీలో ఇంకా పది టైర్లకు 25, పన్నెండు టైర్లకు 31 టన్నులనే ఉండొచ్చు. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మోయగలిగేది తెలుస్తుంది. డాలా బాడీతో (చుట్టూ పక్క గోడలున్న బాడీ) పది టైర్ల బండి ఖాళీగా 10 టన్నులు తూగితే చట్టప్రకారం మోసేది 18.5 టన్నులు. కాటా తేడాలకు అర టన్ను వదిలేసి 18 అని పెట్టుకోండి.

ఈ 18 టన్నులు బండిలో పడతాయా అన్నది వేరే ప్రశ్న. తిన్నగా ఉన్న పచ్చి జామాయిల్ కర్రను గట్టిగా పేరిస్తే ఘనపు మీటరుకు సుమారు 600 కిలోలు వస్తుంది. 22 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు బాడీలో ఆరడుగుల పైచిలుకు ఎత్తుకే 18 టన్నులు అయిపోతాయి. అదే వంకర సుబాబుల్, సన్న కొమ్మలు కలిసిన కర్ర అయితే ఘనపు మీటరుకు 450 కిలోలు దాటదు. అప్పుడు ఎనిమిది అడుగులు పేర్చాలి. అంత ఎత్తున కరెంటు తీగలు తగులుతాయి, మలుపులో లోడు ఒరుగుతుంది. అందుకే డ్రైవరు 15 టన్నులకే చాలంటాడు. టన్ను రేటుకు మాట్లాడుకున్న బండి యజమానికి ఆ మూడు టన్నులూ నష్టమే కాబట్టి వంకర కర్రకు ఎక్కువ అడుగుతాడు. అందులో మోసమేమీ లేదు.

ఖర్చు కట్టడం: తిరిగితే అయ్యేది, ఆగినా అయ్యేది

లారీ ఖర్చు రెండు రకాలు. డీజిల్, టైర్లు, రిపేర్లు, టోల్ బండి తిరిగితేనే అవుతాయి. కిస్తీ, బీమా, పన్ను, ఫిట్‌నెస్, పర్మిట్, డ్రైవరు జీతం బండి చెట్టు కింద ఆగినా అవుతాయి. కిరాయి దగ్గర జరిగే గొడవల్లో చాలావరకు రెండో రకాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే వస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పది టైర్ల బండి, మిల్లు 120 కి.మీ. దూరం, లోడు 18 టన్నులు, తిరుగు ప్రయాణం ఖాళీ. అంకెలు నమూనాకు వేసినవి. మీ బండివి, మీ దారివి వేసుకుని మళ్లీ కట్టుకోండి.

లోడుతో లీటరుకు 3.5 కి.మీ. చొప్పున 34 లీటర్లు, ఖాళీగా 5 కి.మీ. చొప్పున 24 లీటర్లు, తోట బాటలోనూ గేటు దగ్గర వరుసలోనూ కదలడానికి 5 లీటర్లు. మొత్తం 63 లీటర్లు, లీటరు 97 రూపాయల చొప్పున సుమారు 6,100.

బీఎస్–6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండికి పొగ శుద్ధి కోసం పోసే డెఫ్ ద్రవం: 200.

టైర్లు: పది టైర్లు రెండు లక్షలు, 60 వేల కి.మీ. ఆయుష్షు అనుకుంటే కి.మీ.కు 3.30. రానూపోనూ 240 కి.మీ.కు 800. తోటల్లో మోడులు గుచ్చుకుని సైడు గోడ చినగడం మామూలే కాబట్టి 60 వేల కన్నా ఎక్కువ ఆయుష్షు వేయకండి.

ఆయిల్, సర్వీసు, పట్టీలు, రిపేర్లు: కి.మీ.కు 3 చొప్పున 700.

డ్రైవరు, క్లీనరు బత్తా: రోజుకు 750 చొప్పున రెండు రోజులకు 1,500.

టోల్ 500. తాళ్లు, కాటా రుసుము, చిల్లర 200.

తిరిగితే అయ్యేది మొత్తం 10,000.

ఇక ఆగినా అయ్యేది. నెలకు కిస్తీ (కిస్తీ అయిపోయిన బండికైతే తరుగుదల) 60,000, బీమా 7,000, పన్ను, పర్మిట్, ఫిట్‌నెస్ కలిపి 5,000, డ్రైవరు జీతం 20,000. అంతా 92,000. బీమా 7,000 ఎక్కువేమీ కాదు. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 20 నుంచి 40 టన్నుల బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 43,950, దానికి సొంత నష్టం బీమా, జీఎస్టీ కలుస్తాయి. నెలలో 23 రోజులు బండికి పని దొరికితే రోజుకు 4,000 పడుతుంది. ఈ ట్రిప్పు రెండు రోజులు తీసుకుంటే 8,000.

పది వేలు, ఎనిమిది వేలు కలిపి 18,000. యజమానికి పది శాతం లాభం 1,800. మొత్తం 19,800. దాన్ని 18 టన్నులకు పంచితే టన్నుకు 1,100.

పన్నెండు టైర్ల బండికి ఇదే పద్ధతిలో, రోజువారీ ఖర్చు 4,700, లోడు 24.5 టన్నులు వేసి కడితే టన్నుకు 930 చుట్టూ వస్తుంది. చవకే. కానీ ఆ బండి మీ ఊరి కల్వర్టు మీదుగా, తోట మలుపులో తిరగగలదా లేదా ముందు చూసుకోండి. తిరగలేక కర్రను ట్రాక్టరు మీద రోడ్డుకు చేరవేసి మళ్లీ ఎక్కించాల్సి వస్తే మిగిలిన 170 రూపాయలు రెండో లోడింగులోనే పోతాయి.

అసలు రేటు పెంచేది డీజిల్ కాదు, నిరీక్షణ

పై లెక్కలో టన్నుకు పడే డీజిల్ 3.5 లీటర్లు. డీజిల్ లీటరుకు 5 రూపాయలు పెరిగితే టన్నుకు పెరగాల్సింది 17 రూపాయల 50 పైసలు. డీజిల్ పెరిగిందని టన్నుకు వంద పెంచమంటే ఒప్పుకోనక్కర్లేదు.

అదే బండి మిల్లు గేటు దగ్గర ఒక రోజు ఎక్కువ ఆగిందనుకోండి. రోజు ఖర్చు 4,000, బత్తా 750 కలుస్తాయి. లాభంతో కలిపి మొత్తం 25,000 దాటుతుంది, టన్నుకు 1,390. అంటే ఒక్క రోజు నిరీక్షణ టన్నుకు 290. దీన్ని తిప్పి చూడండి: మీ చేతుల్లో ఉన్న అర రోజు ఆదా చేసి పెడితే టన్నుకు 145 తగ్గించి అడిగే హక్కు మీకుంటుంది. బేరమంటే ఇక్కడ ఆడాలి. "పక్కూరాయన 50 తక్కువ ఇచ్చాడట" అని ఆడే బేరానికి బండి యజమాని దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది.

అర రోజు మిగల్చడానికి చేయాల్సినవి ఇవీ. మిల్లు నుంచో, కొనుగోలు కేంద్రం నుంచో టోకెన్ తేదీ ఖాయమయ్యాకే నరికించండి. కర్రను మిల్లు చెప్పిన పొడవుకు కోసి, తొక్క తీసి, బండి నిలిచే చోటుకు పది గజాల లోపే అట్టీలు (పేర్చిన కుప్పలు) పెట్టించండి. ముఠాలో (లోడింగ్ కూలీల జట్టులో) ఎనిమిది నుంచి పది మంది ఉంటే 18 టన్నులు చేతులతో ఎక్కించడానికి నాలుగైదు గంటలు పడుతుంది. నలుగురైదుగురే ఉంటే రోజంతా. బండి వచ్చాక ముఠాకు కబురు పెట్టే అలవాటే కిరాయిని పెంచేది. మిల్లు మరమ్మతులకు ఆగే రోజులు, గేటులోకి రాత్రిపూట తీసుకుంటారా లేదా అన్నదీ ముందే కనుక్కోండి. వరి కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లోనూ సంక్రాంతి ముందూ బండ్లు దొరకవు, రేటు చెప్పినంత. వీలైతే ఆ పక్షం దాటించండి.

అయితే మరీ దాటించకండి. కర్రలో నీరు ఆరిపోతుంది, మిల్లు తూకానికే డబ్బిస్తుంది. నరికినప్పుడు బరువులో సగం నీరున్న కర్ర 40 శాతం నీటికి ఆరితే 10 టన్నులు 8.33 టన్నులవుతుంది. పైగా కర్ర పరిమాణం అంతే ఉంటుంది కాబట్టి బండి నిండుతుంది కానీ తూకం రాదు. ఆలస్యానికి ధరలోనూ, కిరాయిలోనూ రెండు దెబ్బలు.

దగ్గర దూరానికి కి.మీ. లెక్క పనికిరాదు

120 కి.మీ.కు టన్నుకు 1,100 అంటే కి.మీ.కు తొమ్మిది రూపాయల చిల్లర. మరి 40 కి.మీ.కు 370 ఇస్తే సరిపోదా? సరిపోదు. లోడింగుకు, గేటులో వరుసకు, దించడానికి పట్టే సమయం దూరంతో తగ్గదు. 40 కి.మీ.కు డీజిల్ 2,400 లోపే అవుతుంది గానీ బండి రోజున్నర చిక్కుకుంటుంది. అన్నీ కలిపి లాభంతో 11,300 వస్తుంది, టన్నుకు 630. టన్ను–కి.మీ.కు దాదాపు 16 రూపాయలు.

అందుకే రేటును రెండు ముక్కలుగా మాట్లాడుకోవడం మేలు. పై అంకెల మీద ట్రిప్పుకు 7,000 స్థిర మొత్తం, ఆపైన ఒక వైపు దూరంలో ప్రతి కి.మీ.కు 106 వేస్తే 40 నుంచి 120 కి.మీ. మధ్య ఏ దూరానికైనా దగ్గరగా వస్తుంది. 80 కి.మీ.కు 15,480, టన్నుకు 860. తిరుగు లోడు ఖాయంగా ఉన్న బండి దొరికితే ఖాళీగా తిరిగే డీజిల్‌లో సగమైనా తగ్గించమని అడగొచ్చు. కర్ర బండికి ఆ అదృష్టం అరుదు.

ముప్పై కి.మీ. లోపైతే ట్రాక్టరును లెక్కించి చూడండి. తోటలోంచి నేరుగా వెళ్తుంది, రెండో లోడింగు ఉండదు. వ్యవసాయ పనికి రిజిస్టరైన ట్రాలీని కిరాయికి తిప్పితే బీమా వర్తించకపోవచ్చు. ఆ కాగితం చూడకుండా ఎక్కించకండి.

చవక రేటు వెనక అధిక లోడు

"టన్నుకు 850కే తోలతా" అని ఎవరైనా అంటే మొదట అడగాల్సిన ప్రశ్న: ఎన్ని టన్నులు వేస్తావు? పది టైర్ల బండిలో 24.5 టన్నులు వేస్తే అతనికి 20,800 వస్తుంది, మన లెక్క కన్నా వెయ్యి ఎక్కువే. కానీ మొత్తం బరువు 34.5 టన్నులు, పరిమితికి 6 టన్నులు పైన. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అంటే 32,000. అదనపు లోడు దించే ఖర్చు వేరు. తూకానికి ఆపకపోతే 40,000. కర్ర పక్కలకు బయటికి పొడుచుకొస్తే దానికీ ప్రత్యేకంగా 20,000 జరిమానా ఉంది. బండి నడిపినవాడి మీదే కాదు, నడిపించినవాడి మీదా ఈ సెక్షన్ వర్తిస్తుంది. దారిలో దించేసిన కర్ర ఎవరిదవుతుందో చెప్పనక్కర్లేదు.

చట్టాన్ని పక్కన పెట్టినా, అధిక లోడుతో టైరు పేలి మీ కర్ర రోడ్డు పక్కన రెండు రోజులు ఎండితే ఆ తరుగు మీదే. 850 రేటు నమ్మదగ్గది కావాలంటే దూరం 80 కి.మీ.కు అటూ ఇటూ ఉండాలి.

కాటా దగ్గర

కిరాయి ఏ తూకం మీద? ఈ ఒక్క మాట ముందే తేలకపోతే చివర్లో గొడవ ఖాయం. బండి యజమాని ఊరి కాటా తూకం అడుగుతాడు. మీకు డబ్బొచ్చేది మిల్లు నికర తూకం మీద. మిల్లు తూకం మీదే కిరాయి అని రాయించుకోండి, అప్పుడు దారిలో జాగ్రత్త అతని బాధ్యతా అవుతుంది. అయితే బదులుగా మీరు కనీస టన్నులకు హామీ ఇవ్వాలి. 18 టన్నుల బండికి 17 టన్నుల హామీ సమంజసం. మీ కర్ర 14 టన్నులే తూగినా 17కు కిరాయి ఇస్తారు.

ఊరి కాటాలో ఖాళీ బండిని, నిండు బండిని రెండుసార్లూ తూయించండి. తూనికలు కొలతల శాఖ ముద్ర, ధ్రువపత్రం తేదీ కాటా గదిలో కనిపించాలి. ఖాళీ తూకమప్పుడు ట్యాంకు నిండుగా ఉండి, నిండు తూకానికి ఖాళీ అయితే 300 లీటర్ల డీజిల్ మీద 250 కిలోల తేడా వస్తుంది. డ్రైవరు, క్లీనరు దిగారో లేదో, స్టెప్నీ, తడి టార్పాలిన్ ఉన్నాయో లేవో కూడా చూడాలి. ఊరి తూకానికీ మిల్లు తూకానికీ మధ్య ఎండ రోజుల్లో కొంత తరుగు సహజం. టన్నుకు పైగా తేడా వస్తే మాత్రం రెండు స్లిప్పులూ పట్టుకుని ఆ రోజే అడగాలి, బండి ఖాళీ అయి వెళ్లిపోయాక ఎవరూ ఏమీ చేయలేరు.

కాగితం మీద ఏం రాసుకోవాలి

స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరూ సంతకం చేసిన ఒక పేజీ చాలు. దానికి ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. బండి నంబరు, ఆర్‌సీ బరువు, టన్ను రేటు, ఏ తూకం, కనీస టన్నులు, లోడింగ్–దింపుడు ఎవరివి, టోల్ ఎవరిది, ఇవి తప్పనిసరి. వీటికన్నా ఎక్కువ ఆలోచించి రాయాల్సినవి మూడున్నాయి.

మొదటిది హాల్టింగ్, అంటే బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు. మిల్లు గేటు చేరిన సమయం నుంచి మొదటి 24 గంటలు ఉచితం, ఆపైన రోజుకు ఇంత. పై లెక్క ప్రకారం 4,000 నుంచి 4,750 మధ్య న్యాయం. చేరిన సమయానికి గేటు స్లిప్పే సాక్ష్యం. బండి ఆలస్యంగా బయల్దేరి టోకెన్ తప్పితే హాల్టింగ్ ఉండదని కూడా రాయండి.

రెండోది తిరస్కరణ. కాలిన, బొగ్గు పట్టిన కర్రను కాగితం మిల్లులు తీసుకోవు, గుజ్జులో నల్ల మచ్చలు పడతాయి. తొక్క మిగిలినా, సన్న కొమ్మలున్నా కోత పెడతారు లేదా వెనక్కి పంపుతారు. ఈ తప్పు మీది కాబట్టి తిరుగు కిరాయి మీరే భరించాలి. అందుకే ఎక్కించేటప్పుడు ముఠా మేస్త్రీకి వదిలేయకుండా దగ్గరుండండి. మధ్యలో అలాంటి కర్ర పెట్టి పైన మంచిది పేర్చే ముఠాలున్నాయి.

మూడోది డీజిల్. ఒకటికి మించి ట్రిప్పులుంటే ఈ రోజు డీజిల్ ధర రాసి, లీటరుకు రూపాయి మారితే టన్నుకు 3.50 మారుతుందని పెట్టండి. పెరిగినా తగ్గినా ఒకటే సూత్రం. దూరం మారితే ఈ 3.50 కూడా మారుతుంది. ట్రిప్పు లీటర్లను టన్నులతో భాగిస్తే మీ అంకె వస్తుంది.

బండితో పాటు పట్టాదారు పాసుపుస్తకం నకలు, మిల్లు లేదా మార్కెట్ కమిటీ ఇచ్చిన టోకెన్, ఊరి కాటా స్లిప్పు పంపండి. అటవీ చెక్‌పోస్టులున్న దారిలో పట్టా భూమి కర్రేనని చూపలేక బండి ఆగితే ఆ గంటలన్నీ మీ కిరాయిలోకే వస్తాయి. వే బిల్లు (సరుకు రవాణా పత్రం) కావాలా, కావాలంటే తీసేది ఎవరు అన్నది కొనేవారిని ముందురోజే అడగండి.

వానాకాలంలో నల్లరేగడి తోటల్లోకి లోడు బండిని దింపనివ్వకండి. కూరుకుపోయిన 28 టన్నుల బండిని లాగడానికి జేసీబీ పిలిస్తే గంటల లెక్కన బిల్లు, పైగా ఒక రోజు హాల్టింగ్. వాన పడిన రెండు రోజులదాకా రోడ్డు పక్కకు ట్రాక్టరుతో చేరవేయడమే చవక.

అడ్వాన్సు విషయానికొస్తే, ట్రిప్పు డీజిల్, బత్తా, టోల్ కలిపి ఎనిమిది వేల చిల్లర అవుతుంది. అంతవరకు ముందివ్వడం సబబు, బండి యజమాని తన డబ్బు పెట్టి మీ కర్ర తోలనక్కర్లేదు. మిగతాది మిల్లు తూకం స్లిప్పు మీ చేతికొచ్చిన రోజే ఇచ్చేయండి. మిల్లు డబ్బు వచ్చాక ఇస్తానంటే కుదిరేదే, కానీ ఆ వారాలకు వడ్డీ కలిపే అతను రేటు చెప్తాడు. కిరాయిని ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేసి, వివరం దగ్గర బండి నంబరు, తేదీ రాయండి. నాలుగైదు ట్రిప్పులు ఒకేసారి నడిచేటప్పుడు ఏ బండికి ఎంత బాకీ అన్నది అదొక్కటే చెప్తుంది.